ఉమ్మడి అక్క

మా లహరి ఈమధ్య ఇంట్లోంచి ఎవరు బయటికి అడుగు పెట్టినా "ఎక్కడికి?" అని అడుగుతోంది. చెత్త పడేయడానికి వెళ్ళే వాళ్ళ నాన్ననూ అడుగుతుంది, పార్సెల్ ఇచ్చి వెనక్కి తిరిగిన మనిషినీ అడుగుతుంది. మొన్న వీడియో కాల్‌లో మా అత్తగారు అది విని నా మీద పడ్డారు. "అదేం అడగడమే! బయల్దేరే మనిషిని ఎక్కడికీ అంటే వెళ్ళిన పని అవుతుందా? పిల్లకి ఆ మాత్రం నేర్పలేదూ?" అన్నారు. నేర్పామండీ. మా పిల్లకే కాదు, జర్మన్ పిల్లలతో నిండిన ఒక తరగతి మొత్తానికి, వాళ్ళ టీచర్లకి కూడా నేర్పిన మనిషి ఒకావిడ ఉండేది. ఇప్పుడు లేదు. అందుకే పిల్ల అడుగుతుంటే నేను ఆపడం లేదు.

ఆవిడను నేను అక్కా అనేదాన్ని. అసలు పేరు తెలుసు గానీ ఎప్పుడూ ఆ పేరుతో పిలిచింది లేదు, ఇప్పుడు రాయబుద్ధీ కావడం లేదు. ఆవిడది కరీంనగర్ వైపు, మాది తెనాలి. మేమిద్దరం కూర్చుని మాట్లాడుకుంటుంటే మా ఆయన, "మీ మధ్య ఒక దుబాసీని పెట్టాలి" అని వేళాకోళం చేసేవాడు.

ఆవిడ నాకు ముందు వినపడింది, తర్వాత కనపడింది. ఆ సంగతి చెప్పాలంటే లహరి సంగతి చెప్పాలి. లహరికి ఫిట్స్ వస్తాయి. మందులు వాడుతున్నాం, తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. ఎప్పుడొస్తాయో తెలీదు. వచ్చినప్పుడు పక్కన ఏం చేయాలో తెలిసిన మనిషి ఒకరుండాలి. మాకు కావాల్సింది అంతే. ఇక్కడి బడుల్లో అలాంటి పిల్లల పక్కన కూర్చోవడానికి ఒక తోడు మనిషిని ఇస్తారు. జిండెల్ఫింగెన్‌లో ఇంటి అద్దె భరించలేక అడవికి అవతలున్న చిన్న ఊరికి మారాం కదా, ఆ ఊరికి అలాంటి మనిషిని సొంతంగా పెట్టుకునే తాహతు లేదట. పక్క ఊళ్ళో షుగరున్న అబ్బాయి ఒకడు, ఆ అవతలి ఊళ్ళో నోరు విప్పని పాప ఒకతె. వాళ్ళకీ తోడు కావాలి. సరే, మూడు ఊళ్ళూ కలిసి ఒక ఉమ్మడి సంఘం కట్టుకున్నాయి. ఒకే మనిషిని పెట్టుకోవడం, మూడు బడులకీ తిప్పడం, ఖర్చు పంచుకోవడం. దీన్ని ఇక్కడ ఫెర్బాండ్ అంటారు.

ఈ ముచ్చటంతా చెప్పడానికి తల్లిదండ్రులను టౌన్‌హాల్‌కి పిలిచారు. ఇస్త్రీ చొక్కా ఆఫీసరొకాయన తెర మీద మూడు రంగుల సున్నాలు చూపించి, అవి ఒకదాని మీదికొకటి ఎక్కిన చోట వేలు పెట్టి, తోడు మనిషి ఇక్కడుంటుంది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, వచ్చిన జర్మన్‌లోనే, "ఫిట్స్ టెర్మిన్ తీసుకుని వస్తాయా?" అని అడిగాను. టెర్మిన్ అంటే ఇక్కడ అపాయింట్‌మెంట్. ఆయన చిరునవ్వు నవ్వి, అన్నీ ఆలోచించే ప్లాన్ వేశామన్నాడు. నేను కూర్చుంటూ, "నీ ప్లాన్ మొహం మండ" అని తెలుగులో గొణుక్కున్నాను.

"మండనియ్యి మేడమ్, బయట మంచు కురుస్తున్నది. జర ఎచ్చగుంటది" అని వెనక వరసలోంచి వినపడింది.

తిరిగి చూశాను. గుండ్రటి మొహం, నిండుగా బొట్టు, ఇంకెవరికో కొన్నట్టున్న వదులు కోటు, ఒళ్ళో స్టీలు సీసా. "గా సున్నాల నడుమ ఉండే మనిషిని నేనే. మీ బిడ్డ పేరేంది?" అంది.

పేరు చెప్పానో లేదో, ఇంకేమీ అడగకుండా, ఫిట్స్ వచ్చే ముందు పిల్లకి ఏమవుతుందో చెప్పమంది. డాక్టర్లు కూడా మూడోసారికి గానీ అడగని ప్రశ్న అది. కాలిన రబ్బరు వాసన వస్తోందంటుంది, ఎడమ చేతి వేళ్ళు లెక్కపెట్టుకుంటుంది అని చెప్పాను. తలూపి, స్టీలు సీసా మూత తీసి ఒక గుక్క తాగింది. ఘాటుగా వాము వాసన. ఆ వాసన ఆ తర్వాత మా ఇంట్లో, బడిలో, ఆవిడ చిన్న కారులో, ఆవిడున్న ప్రతిచోటా ఉండేది.

లహరి ఆవిడను పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. పక్కనున్న పిల్లలూ అదే పట్టుకున్నారు. కొందరు జర్మన్ తల్లులు అది ఆవిడ ఇంటిపేరనుకుని ఫ్రావ్ పెద్దమ్మా, అంటే పెద్దమ్మ గారూ, అంటూ పలకరించేవాళ్ళు. ఆవిడ సరిదిద్దేది కాదు. "పిలుస్తున్నరు గదా, పేరు ఏదైతేంది" అనేది.

తరగతిలో పిల్లల చిన్న కుర్చీలో పక్కకి తిరిగి, ఒక కాలు గుమ్మం వైపు పెట్టి కూర్చునేది. ఎప్పుడు చూసినా అదే భంగిమ. లేచే మనిషి కూర్చున్నట్టు ఉండేది. పొద్దున మా బడి, తర్వాత కారెక్కి అడవి దారిలో షుగరబ్బాయి బడి, అక్కణ్ణుంచి నోరు విప్పని పాప బడి. ఒక్కో రోజు ఈ వరస మారిపోయేది, ఒక ఊళ్ళో టీచరుకి జలుబు చేస్తే రెండో ఊళ్ళో గంటలు తారుమారయ్యేవి. "నా బతుకంత దారిమీదనే చెల్లె. ఇంట్ల కన్న కార్ల ఎక్కువుంట" అనేది నవ్వుతూ.

వెళ్ళేటప్పుడు మాత్రం పద్ధతి తప్పేది కాదు. పోతున్నా అని ఆవిడ నోటంట ఎన్నడూ రాలేదు. లహరి తల మీద చెయ్యి పెట్టి, "పోయొస్త బిడ్డ" అనేది. తరగతి తరగతంతా తలలెత్తి, "పోయిరా!" అని అరిచేది. ఆ బంగారు జుట్టు పిల్లల నోట ఆ మాట వింటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి.

అయితే గుమ్మం దాటాక వెనకనుంచి ఎవరైనా "వోహిన్?" అన్నారో, అయిపోయేది. వోహిన్ అంటే ఎక్కడికీ అని. బడి హెడ్‌మిస్ట్రెస్ పాపం బాధ్యత గల మనిషి, ఆవిడ రోజూ అడిగేది. అడిగిన ప్రతిసారీ అక్క ఆగి, వెనక్కి వచ్చి, ఏదో ఒక కుర్చీలో కూర్చుని, కోటు కూడా విప్పకుండా, వాము నీళ్ళు ఒక గుక్క తాగి, క్షణం కళ్ళు మూసుకుని, మళ్ళీ లేచి వెళ్ళేది. హెడ్‌మిస్ట్రెస్ బిత్తరపోయి చూసేది. అవతలి బడికి ఆలస్యమవుతోందని వాళ్ళు ఫోన్లు చేసేవాళ్ళు. చివరికి అక్కే ఒకరోజు తన విరిగిన జర్మన్‌లో, "మా దగ్గర అట్ల అడగరు. అడిగితే దారి బాగుండదు" అని చెప్పింది. ఆ హెడ్‌మిస్ట్రెస్ మర్యాదస్తురాలు, పరాయి ఆచారాన్ని గౌరవించాలని టీచర్లందరికీ చెప్పిందట. ఈ సంగతి మిగతా రెండు బడులకీ పాకింది. ఆ తర్వాత మూడు ఊళ్ళలో ఎవరూ ఆవిడను ఎక్కడికీ అని అడగలేదు.

ఇంత పట్టింపు ఉన్న మనిషి మిగతా నమ్మకాలంటే ఒంటికాలి మీద లేచేది. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి పిలిచాను. పప్పు వడ్డిస్తుండగా లహరి ఎడమ చేతి వేళ్ళు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. నేను గరిటె పడేసే లోపలే అక్క పిల్లను పక్కకి తిప్పి పడుకోబెట్టి తల కింద తన కోటు పెట్టేసింది. మా ఆయన పరుగెత్తుకుంటూ వెళ్ళి కారు తాళం తెచ్చి పిల్ల చేతిలో పెట్టబోయాడు. ఇనుము చేతిలో పెడితే ఫిట్స్ ఆగుతాయని వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. కార్ల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ రాసే మనిషి! పైగా ఆ తాళంలో ఉన్నది ముప్పాతిక ప్లాస్టిక్కే. అక్క దాన్ని లాక్కుని సోఫా మీదికి విసిరికొట్టింది.

"బిడ్డకు గాలి ఆడనియ్యి తమ్మి! గడియారం చూడు, గంతే నీ పని" అంది.

పిల్ల తేరుకుని నిద్రపోయాక, నేను ఊరుకోకుండా, "తాళాలు మూఢనమ్మకం, మరి ఎక్కడికీ అని అడక్కపోవడం శాస్త్రమా అక్కా?" అన్నాను.

"గది వేరే, ఇది వేరే" అంది.

"ఎలా వేరే?"

"తాళం పెడితే బిడ్డకు దెబ్బ. అడగకుంటే ఎవలకు దెబ్బ, చెప్పు?"

మా ఆయన మజ్జిగ గ్లాసు ఆవిడ ముందు పెట్టి తల వంచుకున్నాడు.

ఫిట్స్‌ని ఆవిడ ఫిట్స్ అనేది కాదు, చుట్టం అనేది. "చుట్టం చెప్పకుండ వస్తడు, చెప్పకుండ పోతడు. మనం ఇల్లు సర్ది పెట్టుకోవాలె" అనేది. ఇల్లు సర్దడమంటే తరగతి పిల్లలకి నేర్పడం. వారం వారం తరగతిలో ఒక ఆట ఆడించేది. ఒక పిల్ల కింద పడుకుంటుంది. పొట్టి జడల పిల్ల ఒకతె జాకెట్ మడిచి తల కింద పెడుతుంది. ఇంకొకడు గడియారం దగ్గర నిలబడతాడు. ఒకతె ఆఫీసుకి పరుగెత్తుతుంది. మిగతావాళ్ళు బల్లలు జరుపుతారు. లహరి కూడా ఆడేది, ఒకసారి జాకెట్, ఒకసారి పరుగు. హెడ్‌మిస్ట్రెస్‌కి ఇది నచ్చలేదు, పిల్లలు భయపడతారంది. నేనూ అక్కను అడిగాను, మీరున్నారుగా, ఇదంతా ఎందుకూ అని.

"నేనున్నప్పుడు రాడు చెల్లె వాడు. నేను దారిమీద ఉన్నప్పుడే వస్తడు" అంది. నవ్వుతూనే అంది. ఆ మాట విన్న రోజునుంచి అడవి దారిలో పొగమంచు కనపడితే చాలు, ఆఫీసులో నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయేవి. ఆవిడ ఇటుందా, అటుందా, మధ్యలో ఉందా అని లోపల ఒకటే పీకుడు. నా భయమంతా నా పిల్ల గురించే. ఇంకెవరి గురించీ భయపడాలని నాకు తోచలేదు.

ఆ శరదృతువులో ఆవిడ ఎడమ భుజం నలుపుకోవడం మొదలుపెట్టింది. మాట మధ్యలో ఆగి, పెదవి బిగించి, మళ్ళీ అందుకునేది. ఏంటక్కా అంటే, "గ్యాస్" అనేది. మన వాళ్ళకి బొడ్డు నుంచి గొంతు దాకా ఎక్కడ నొప్పొచ్చినా గ్యాసే కదా. వాము నీళ్ళు తాగేది. నేను పోరగా పోరగా గుండె డాక్టరు దగ్గర పేరు రాయించుకుంది. ఆ టెర్మిన్ కోసం నెలలు ఎదురుచూడాలి. ఎదురుచూసింది. తీరా ఆ వారం వచ్చాక, "టెర్మిన్ ఎలా అయింది?" అని అడిగితే, "ఎనుకకు జరిపిన" అంది.

"ఎందుకు?"

"షుగర్ పిల్లగాని బడోళ్ళు గా దినమే జూకు తీస్కపోతున్నరు. నేను లేకుంటే వాన్ని ఇంట్ల ఉంచుమన్నరట. వాడు ఎప్పటిసంది సంబురపడుతున్నడు."

"మీకు బదులు ఇంకొకరిని పంపమనండి! మూడు ఊళ్ళున్నాయి కదా?"

"అడిగిన. ఈ ఊరోళ్ళు ఆ ఊరును అడుగుమన్నరు. ఆ ఊరోళ్ళు ఆఫీసును అడుగుమన్నరు. ఆఫీసోళ్ళు ఈ ఊరును అడుగుమన్నరు." భుజం నలుపుకుని, స్టీలు సీసా మూత బిగించి, "ఉమ్మడి గొర్రె పుచ్చి సచ్చిందంటరు చూడు. ఎవలకు వాళ్ళే, పక్కోడు మేపిండు గదా అనుకుంటరు" అంది.

"ఛ, అవేం మాటలక్కా, నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు" అని కసిరాను.

"ఒక్క ఊరైతే నోరు ఆపుకుందును చెల్లె, మూడూళ్ళాయె" అని పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు పొద్దున పొగమంచు, పైన సన్నటి వాన. ఆఫీసులో ఉండగా బడి సెక్రెటరీ ఫోన్ చేసింది. లహరికి వచ్చింది, తగ్గిపోయింది, నిద్రపోతోంది, పిల్ల బాగానే ఉంది. తర్వాత ఆవిడ, "మీ ఫ్రావ్ పెద్దమ్మ ఫోన్ తీయడం లేదు, మీకేమైనా తెలుసా?" అంది.

నేను వెళ్ళేసరికి లహరి చిన్న చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. తల కింద మడిచిన జాకెట్. పక్కన పొట్టి జడల పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, లేవమన్నా లేవనందట. టీచరు నా చెయ్యి పట్టుకుంది. "నేను బోర్డు మీద రాస్తున్నాను. తిరిగి చూసేసరికి పిల్లలే అంతా చేసేశారు" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. చుట్టం వచ్చాడు, ఇల్లు సర్దే ఉంది.

ఇల్లు సర్దిన మనిషే లేదు. సెక్రెటరీ నా ముందే మళ్ళీ ఫోన్లు చేసింది. షుగరబ్బాయి బడివాళ్ళు, "ఇంకా రాలేదు, మంచు కదా, ఇవాళ మీ దగ్గరే ఉండిపోయిందనుకున్నాం" అన్నారు. పాప బడివాళ్ళు, "ఆవిడ ఈ వేళకి రెండో బడిలో ఉంటుందిగా" అన్నారు. ఫెర్బాండ్ ఆఫీసువాళ్ళు కంప్యూటర్లో చూసి, "దారిలో ఉంది" అన్నారు. ఎవరి గొంతులోనూ కంగారు లేదు. కంగారు పడాల్సింది పక్క ఊరివాళ్ళని అందరి ధీమా.

లహరి కళ్ళు తెరిచి, "పెద్దమ్మ?" అంది.

"ఎక్కడికెళ్ళిందమ్మా? నీకేమైనా చెప్పిందా?"

పిల్ల సగం నిద్రలో, సగం జర్మన్‌లో చెప్పింది. పెద్దమ్మకి గ్యాస్ వచ్చిందట. కుర్చీలో కూర్చుని చాలాసేపు కళ్ళు మూసుకుందట. తర్వాత బెల్లు కొట్టకముందే లేచి, పోయొస్త బిడ్డ అని వెళ్ళిపోయిందట.

"నేను అడుగుదామనుకున్నా. కానీ అడక్కూడదు కదా" అంది లహరి. "డార్ఫ్ మన్ యా నిష్ట్."

హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ చివరి మాట ఆవిడకీ అర్థమైంది. మెల్లగా వచ్చి, ఒక చిన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

పిల్లల డాక్టరు అడవి అవతలి ఊళ్ళో ఉంటాడు. ఒకసారి చూపించమన్నారని లహరిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని బయల్దేరాను. దారికి రెండు పక్కలా చెట్లు మంచులో మునిగి ఉన్నాయి. దారి మధ్యలో, నడకకి వచ్చేవాళ్ళు కార్లు ఆపుకునే ఖాళీ జాగా ఒకటుంది. "అమ్మా, పెద్దమ్మ కారు" అంది వెనకనుంచి లహరి.

కారు పద్ధతిగా గీతల మధ్య ఆపి ఉంది. లైట్లు వెలుగుతున్నాయి. వాన ఆగిపోయినా అద్దం మీద వైపర్లు కిర్రుకిర్రుమని ఇటూ అటూ తిరుగుతున్నాయి. నేను దిగి, లహరితో కదలొద్దని చెప్పి, నడిచాను. అక్క బెల్టు పెట్టుకునే ఉంది. ఒళ్ళో స్టీలు సీసా, మూత తీసి ఉంది. పక్క సీట్లో ఫోన్ మోగుతోంది, బడి సెక్రెటరీ పేరు కనపడుతోంది. చెయ్యి ముట్టుకున్నాను. ఇక చెప్పను.

ఫెర్బాండ్ ఆఫీసువాళ్ళు అబద్ధమాడలేదు. ఆవిడ దారిలోనే ఉంది.

ఆవిడను కరీంనగర్‌కి పంపేముందు ఇక్కడ ఒక హాల్లో చివరిచూపుకి ఉంచారు. బ్రెమెన్‌లో చదువుతున్న కొడుకు వచ్చాడు. వాళ్ళాయన అందరికీ ఒకటే చెబుతున్నాడు, ఆ పొద్దున ఫోన్ చేశాను, తీయకపోతే ఏదో బడిలో ఉంటుందిలే అనుకున్నాను అని. మూడు ఊళ్ళూ కలిసి ఒకటే పూలచక్రం పంపాయి. రిబ్బను మీద మూడు ఊళ్ళ పేర్లూ బంగారు రంగు అక్షరాల్లో ఉన్నాయి. అది చూసి నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మీ ఉమ్మడి తగలడ, చచ్చాక కూడా తలా ఒక పువ్వేనా అని గొణిగాను. వెనకనుంచి ఎవరూ జవాబివ్వలేదు. అప్పుడు ఏడ్చాను.

కొత్తామె వచ్చింది. జర్మన్ అమ్మాయి, చురుకైనది, మంచిది. మొన్న లహరిని చెకప్‌కి తీసుకెళ్ళి, ఆలస్యంగా బడిలో దింపుతున్నాను. ఆ అమ్మాయి కోటు వేసుకుని, భుజాన సంచీ తగిలించుకుని, పిల్లలకి చెయ్యి ఊపి గుమ్మం దాటబోతోంది. ఒకప్పుడు పోయిరా అని అరిచిన తరగతి, ఒక్క గొంతుతో, "వోహిన్?" అంది.

"ఇంకా తెలీదు" అంది ఆ అమ్మాయి నవ్వుతూ. "ఇవాళ్టి నుంచి నాలుగో ఊరు కూడా కలిసింది. ముందు ఎక్కడికెళ్ళాలో ఆఫీసువాళ్ళు దారిలో ఫోన్ చేసి చెబుతామన్నారు."

లహరి నా చెయ్యి వదిలేసి వెళ్ళి ఆమె కోటు చెయ్యి పట్టుకుంది. "అయితే కూర్చో" అంది జర్మన్‌లో. "తెలిసేదాకా కూర్చో."

ఆ అమ్మాయి గడియారం చూసుకుంది. నా వైపు చూసింది, పిల్లను నేను మందలిస్తాననుకుంది కాబోలు. పొట్టి జడల పిల్ల అప్పటికే కుర్చీ లాక్కొచ్చింది. లహరి తన సంచీలోంచి నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, ఆమె చేతిలో పెట్టింది.

ఆ అమ్మాయి కూర్చుంది. ఒక గుక్క తాగింది. తరగతంతా ఆమె ఫోన్ మోగేదాకా కదలకుండా చూస్తూ ఉంది.